మేరమ్మ ఇంటి మొదటి పాలు

“పెట్టె మీద బాణం గుర్తు వేశారు. ఇటు పైకి ఉండాలని ఇంతేసి అక్షరాలతో రాశారు. కనపడలేదా మీకు?”

“కనపడింది మేడమ్. బాణం ఆకాశం వైపు చూపిస్తోంది. వాన ఎక్కణ్ణించి వస్తోందో చెబుతోందనుకున్నాం.”

హాడో జెట్టీ మీద కూలీలంతా గొల్లుమన్నారు. ప్రేమావతికి ఒళ్ళు మండిపోయింది. ఆమె కాళ్ళ దగ్గర చెక్కపెట్టె బోర్లా పడి ఉంది. అందులోంచి ఊదారంగు నీళ్ళు కారి, చినుకు పడ్డ చోటల్లా నురగ కక్కుతూ సముద్రం వైపు పోతున్నాయి. ఈ దీవికి సరుకు తెచ్చే మద్రాసు జహాజు కోసం నెలల తరబడి ఎదురుచూసిన మందు అది.

అందరినీ నవ్వించినవాడు దేవప్రసాద్, జెట్టీలో సరుకు దింపించే సూపర్‌వైజరు. అతను ఒంగి నురగని వేలితో ముట్టి చూశాడు.

“ఇదేంటి మేడమ్, సబ్బునీళ్ళా?”

“పాలల్లో దాక్కున్న జబ్బుని పట్టే మందు. గరాచర్మ పశు పరిశోధన కేంద్రానికి వచ్చింది. మళ్ళీ జహాజు ఎప్పుడొస్తుందో, మందెప్పుడొస్తుందో! ఈలోపల ఆవుల పొదుగులు పాడైపోతే మీరొచ్చి పాలిస్తారా?”

కూలీలు ఇంకా గట్టిగా నవ్వారు. ఈసారి నవ్వు దేవప్రసాద్ మీద. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. అది చూసి, కోపం కోపంగానే ఉన్నా, ప్రేమావతికి లోపలెక్కడో ఒక చిన్న సంతోషం చిటికె వేసింది.

మర్నాడు పరిశోధన కేంద్రం గుమ్మంలో అతను ప్రత్యక్షమయ్యాడు. చేతిలో బట్టలుతికే సబ్బుపొడి ప్యాకెట్టు.

“నిన్న నురగ చూశాను కదా. అది పోయింది, ఇది తెచ్చాను. సారీ చెప్పడానికొచ్చాను, తిట్టకండి.”

నవ్వుదామని నోరు తెరిచిన ప్రేమావతి, తెరిచిన నోరు అలాగే మూసేసింది. అసలు మందు దొరకనప్పుడు సబ్బుపొడి నీళ్ళతోనూ ఆ పరీక్ష చెయ్యొచ్చని కాలేజీలో చెప్పారు. కోపంలో ఆ పాఠమే మరిచిపోయింది తను.

“వేళాకోళానికి తెచ్చినా పనికొచ్చేదే తెచ్చారు” అంది.

“నిజంగానా? అయితే ఒక్క ప్యాకెట్టేం సరిపోతుంది, రోజుకొకటి తెస్తా!”

తెచ్చాడు కూడా. షాదీపూర్‌లో ప్రేమావతి తండ్రి కృపానందం గారింట్లో ఆ నెలంతా బట్టలు తెల్లగా మెరిసిపోయాయి.

*

దేవప్రసాద్ వాళ్ళది గరాచర్మలోనే, కొండ దిగువన ఉన్న తెలుగు వీధి. అక్కడ ఇంటికో ఆవు ఉంది. ఆ వీధి ఆవులకే ఈమధ్య ఏదో పట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి పాలు తగ్గిపోతున్నాయి. గవరమ్మ ఆవుకైతే పొదుగు రాయిలా గట్టిపడి ఒక చన్ను ఎండిపోయింది. టీకొట్లకి పాలు పోసుకుని బతికే మనిషి గవరమ్మ. “ఇంకో చన్ను పోతే ఆవుతోపాటు నన్నూ కట్టుకొయ్యకి కట్టెయ్యండి” అని ఏడ్చింది.

అందుకే ప్రేమావతి రోజూ తెల్లవారగానే షాదీపూర్ నుంచి మొదటి బస్సెక్కి ఆ వీధికి వచ్చేది. నాలుగు గిన్నెలు అతికించినట్టుండే పళ్ళెం ఆమె చేతిలో ఉండేది. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి కాసిని పాలు, వాటితోపాటు అన్నే సబ్బుపొడి నీళ్ళు. పళ్ళేన్ని గుండ్రంగా తిప్పితే, మంచి పాలు నీళ్ళలాగే కదులుతాయి. జబ్బున్న పాలు గంజిలా చిక్కబడి గిన్నె నడిమికి ముద్దగా చేరతాయి.

“కంటికి తేడా తెలీదే!” అన్నాడు దేవప్రసాద్ మొదటిసారి చూసి. డ్యూటీకి ముందు బకెట్టు మోయడానికని వచ్చేవాడు. బకెట్టు మోసేది తక్కువ, కబుర్లు మోసేది ఎక్కువ.

“అదే కదా దీంతో కష్టం. ఆవు బాగానే తింటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. లోపల మాత్రం పొదుగు పాడవుతూ ఉంటుంది.”

“మనుషుల్లో కూడా ఉంటుందా మేడమ్ ఇలాంటి పరీక్ష? పైకి బాగానే ఉండి లోపల గంజిలా అయిపోయేవాళ్ళకి?”

“ఎవరికి అలా అయింది?”

“హాడోలో ఒకడున్నాడు లెండి. వానొచ్చినప్పుడల్లా ఎక్కువవుతోంది.”

ప్రేమావతి పళ్ళెం తిప్పుతూ ఉండిపోయింది. ఆ గిన్నెల్లో పాల సంగతి ఎప్పుడో తేలిపోయింది, ఆమె తిప్పడం ఆపితే కదా.

మేడమ్ ‘ప్రేమా’ అయింది. ఆ సంగతి అతని తల్లి మేరమ్మకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవిడ ఆ వీధికి పెద్ద. సెటిల్‌మెంటు కొత్తలో, అడవి కొట్టి ఇళ్ళు వేసుకున్న రోజుల్లో, మొదట ఆవుని తెచ్చుకున్నది ఆవిడే. దానికి లేయా అని పేరు పెట్టుకుంది. ఒక ఏడు జహాజు రాక పాలడబ్బాలు నిండుకుంటే, వీధిలో పసిపిల్లలందరికీ లేయా పాలే పోసి బతికించింది. ఇప్పుడున్న రాహేలు ఆ లేయా సంతతే. చర్చిలో ముందు బల్ల మేరమ్మది, పంచాయితీలో చివరి మాట మేరమ్మది.

ఆవిడ ప్రేమావతిని ఎగాదిగా చూసి, “మా రాహేలుకి ఏ రోగమూ నేదు, ఊరోల్లవి సూడు” అంది. తర్వాత కొబ్బరిలౌజు చేతిలో పెట్టి, “ఆదివారం ఆరాధనయ్యాక మీ నాన్నతో మాటాడ్డానికి షాదీపూర్ వొస్తన్నాను. ఇంట్లో ఉండమను” అంది.

కాబోయే అత్తగారి ఆవుని పరీక్షిస్తానని ఏ పిల్లయినా పట్టుబడుతుందా? ప్రేమావతీ పట్టుబట్టలేదు. లౌజు నములుకుంటూ, గాల్లో నడుచుకుంటూ బస్సెక్కేసింది.

*

శుక్రవారం ఒక మత్స్యశాఖ జీపు దొరకడంతో ఆమె మామూలుకంటే ముందే వచ్చింది. వీధి అప్పుడే కళ్ళు తెరుస్తోంది. మేరమ్మ ఇంటి శాలలో గోవిందు రాహేలుకి పాలు పితుకుతున్నాడు. మగవాళ్ళంతా జెట్టీకీ ఆఫీసులకీ పోయే ఆ వీధిలో అందరి ఆవులకీ పాలు తీసేది అతనే.

మొదటి ధారలు అతను బకెట్లో పట్టలేదు. ఒక ఎనామిల్ లోటాలో పట్టి పక్కన పెట్టుకున్నాడు. పని ముగించి, ఆ లోటా పట్టుకుని గవరమ్మ ఇంటికి వెళ్ళాడు. అందులో వేళ్ళు ముంచి, గవరమ్మ ఆవు చన్నులన్నీ తడిపి, పితకడం మొదలుపెట్టాడు. అక్కడ్నించి అదే లోటాతో పక్కింటికి.

ప్రేమావతి అతనికి అడ్డం వెళ్ళింది.

“గోవిందూ భయ్యా, ఆ లోటా ఏమిటి?”

“మేరమ్మమ్మ ఇంటి మొదటి పాలు దీదీ. మా నాన్న కాలం నుంచీ ఇంతే. ఆయమ్మ పాలు తగిలితే ఏ ఆవైనా చేపుతాది. అదొక దీవెన అన్నమాట!” గోవిందు మురిసిపోతూ చెప్పాడు. “ఈమధ్య ఆవులకి ఒంట్లో బాగోలేదు కదా, అందుకని ఇంకాస్త ఎక్కువే రాస్తన్నాను.”

వీధి చివర మిగిలిన లోటా పాలలో ఆమె సబ్బునీళ్ళు పోసి తిప్పింది. పాలు గంజిలా చిక్కబడ్డాయి.

జబ్బు ఎక్కణ్ణించి పుట్టిందో, ఎలా పాకిందో ఒక్క లోటాలో తేలిపోయింది. ఆ వీధి మేరమ్మకి చూపించే కృతజ్ఞతే ఇంటింటికీ జబ్బుని మోసింది.

*

“రెండ్రోజులు, ప్రేమా. ఒక్క రెండ్రోజులు ఆగు.”

గరాచర్మ బస్‌స్టాపులో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. ఎప్పుడూ ఆ గొడుగు చిన్నదిగా ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకునేవాళ్ళు. ఆరోజు మాత్రం ఇద్దరి మధ్యా చోటు మిగిలిపోయింది.

“ఆదివారం మాటైపోనీ. సోమవారం నేనే చెప్తాను అమ్మకి, నా నోటితో.”

“అప్పటిదాకా ఆ లోటా ఇల్లిల్లూ తిరుగుతుంది కదా?”

“ఎన్నాళ్ళ నుంచో తిరిగింది. రెండ్రోజుల్లో ఏం మునిగిపోతుంది?”

“మీ వీధిలో కామమ్మ పెయ్య మొన్ననే ఈనింది. దాని పాలు ఇవాళ్టికి శుభ్రంగా ఉన్నాయి. ఈ రెండ్రోజుల్లో దానికి అంటుకుంటే? కామమ్మ కళ్ళలోకి నేనెలా చూడను?”

“మా అమ్మ కళ్ళలోకి ఎలా చూస్తావు మరి? ఆ మొదటి వంతు ఆవిడకి కిరీటంలాంటిది. ఈ వీధిలో పుట్టినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. నువ్వు ఇంకా ఇంట్లోకే రాలేదు, అప్పుడే దాన్ని తీసేస్తానంటావా? ఈ పెళ్ళి జరగదు, ప్రేమా. ఆవిడ అన్నదంటే అన్నదే.”

“తెలుసు.”

“తెలిసీ చెప్తావా? అయితే నాకంటే ఆవులే ఎక్కువ నీకు.”

ప్రేమావతి ఏదో అనబోయింది. బస్సొచ్చింది. ఎక్కేసింది. కిటికీలోంచి చూస్తే గొడుగు అతని చేతిలోనే ఉండిపోయింది. అతను దాన్ని పక్కకి వాల్చేసి, వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు.

*

శనివారం పొద్దున్న ఆమె ఎలా మొదలుపెట్టాలా అని బస్సులో తయారుచేసుకున్న మాటలేవీ అవసరం పడలేదు. వీధి మొగలోనే మేరమ్మ గొంతు వినిపించింది.

“ఏటే గవరమ్మా, ఏటంటన్నావు? మల్లీ అను!”

“నాను కొత్తగా అన్నదేటి అప్పా? అందరి ఆవుల్నీ సూసిన పిల్ల, అత్తారి ఆవు దగ్గర్కి రాగానే పల్లెం దాసేస్తంది అన్నాను. నిజం కాదేటి?”

“ఓహో! ఇదిగో వొచ్చింది, దాన్నే అడుగుదాం. రాయే అమ్మా. పల్లెం తియ్యి. మా రాహేలుని అందరి ముందూ సూడు. గవరమ్మ నోరు మూతపడాల!”

వీధంతా శాల ముందు చేరింది. దేవప్రసాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డ్యూటీ బట్టలు వేసుకుని ఉన్నాడు కానీ కదల్లేదు. ప్రేమావతి ఒక్కసారి అతని వైపు చూసింది. వద్దు అంటున్నాయి అతని కళ్ళు.

ఆమె ఒక్కో చన్ను నుంచీ పాలు తీసింది. సబ్బునీళ్ళు పోసింది. తిప్పింది.

మూడు గిన్నెల్లో పాలు గిరగిరా తిరిగాయి. నాలుగోదాంట్లో మెల్లగా, సిగ్గుపడుతున్నట్టుగా, ముద్ద కట్టాయి.

అన్నాళ్ళూ ఆ పళ్ళేన్ని చూసిన వీధి అది. ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. అయినా మేరమ్మ అడిగింది.

“ఏటది?”

ఇంకా తప్పించుకోవచ్చు. పాలు చల్లారాయనో, నీళ్ళు ఎక్కువయ్యాయనో అనొచ్చు.

“జబ్బు, అమ్మగారూ. వెనక కుడి చన్నులో. నయమవుతుంది, మందుంది.” ఊపిరి తీసుకుంది. “కానీ వీధిలో మిగతా ఆవులకి ఇది ఇక్కణ్ణించే వెళ్ళింది. గోవిందు లోటాలో. ఆ లోటా ఆపెయ్యాలి. జబ్బు తగ్గేదాకా మీ ఆవు పాలు అందరి తర్వాత, ఆఖరున తియ్యాలి.”

‘ఆఖరున’ అన్న మాట దగ్గర వీధంతా ఉలిక్కిపడింది. గవరమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంతానికి అన్న మాట ఇంతదాకా వస్తుందని ఆవిడ అనుకోలేదు.

మేరమ్మ ఒంగి ఆ గిన్నెలో ముద్దని వేలితో తాకి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

*

ఆదివారం కృపానందం గారు చర్చి నుంచి వచ్చి, ఇస్త్రీ చొక్కా విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. బల్ల మీద కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. బస్సు ఆగిన ప్రతిసారీ ఆయన తలుపు వైపు చూశారు. చివరికి టీ నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

“దారిలో ఏదైనా ఆలస్యమైందేమో అమ్మా” అన్నారు.

“రారు నాన్నా.” జరిగినదంతా చెప్పింది ప్రేమావతి.

ఆయన లేచి వెళ్ళి ఇస్త్రీ చొక్కా విప్పేసి వచ్చారు. కూతురి పక్కన నేల మీద కూర్చున్నారు. “రేపు కూడా ఆ వీధికి వెళ్ళాలి కదా నువ్వు?”

“వెళ్ళాలి. గవరమ్మ ఆవుకి మందు వెయ్యాలి.”

“అయితే ముఖం కడుక్కో” అన్నారు. ఆమె తలని తన భుజానికి ఆనించుకున్నారు. తండ్రి భుజం అంత మెత్తగా ఉంటుందని ఆమెకి ఆరోజే తెలిసింది.

*

సోమవారం వీధి మొగలోకి రాగానే ఆమె ఆగిపోయింది. మేరమ్మ గుమ్మం ముందు గోవిందు అలవాటు కొద్దీ వచ్చి, లోటా దాచాలో పట్టుకోవాలో తెలీక నిలబడి ఉన్నాడు. మేరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ ముందు నాలుగు కొబ్బరి చిప్పలు.

“రాయే. ఆగిపోయావేటి?” అంది ప్రేమావతిని చూసి.

ప్రేమావతి దగ్గరికి వచ్చింది. చిప్పల్లో పాలు. మూడింట్లో నురగతో పల్చగా ఉన్నాయి. నాలుగోదాంట్లో ముద్ద.

“మావోడు తెచ్చిన సబ్బుపొడి ఇంట్లో ఉంది కదా. శనివారం సాయంత్రం సూసాను. నిన్న చర్చికి ఎల్లక ముందు సూసాను, వొచ్చాక సూసాను. ఈ పిల్ల అబద్దమాడిందని తేలాలని తండ్రికి ప్రార్దన కూడా చేసాను.” మేరమ్మ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. “ఆ లేయా పాలతో బతికిన పిల్లలున్నారే ఈ వీధిలో. దాని బిడ్డ పాలు ఊరంతటికీ రోగం పంచాయంటే, ఏ ముకం పెట్టుకుని మీ ఇంటికి రమ్మంటావు?”

“అమ్మగారూ, అది మీ తప్పు కాదు...”

“తప్పెవరిదైతే ఏటి, దిద్దుకోవాల్సింది నానే కదా!” ఆవిడ లేచి గోవిందు చేతిలోంచి లోటా లాక్కుంది. “ఒరే గోవిందూ! అందరి ఇల్లూ అయ్యాక, ఆకర్న రా మా ఇంటికి.”

“మేరమ్మమ్మా! మీకు ఆకర్నా?” గోవిందు ఏడుపు ముఖం పెట్టాడు.

“ఏం? ఇంట్లో అందరికీ ఒడ్డించి ఆకర్న తినేది ఎవుర్రా? బయటోల్లా, తల్లా?”

గోడవతల గవరమ్మ ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

“మరి సరే. ఎల్లు. చేతులు కడుక్కుని ముట్టుకో. మా వోడు లాల్ దవా, అదే ఆ ఎర్రమందు నీల్ల బకెట్టు పట్టుకుని కామమ్మ ఇంటి దగ్గర తయారుగా ఉన్నాడు. డ్యూటీకి సెలవెట్టాడు, సన్నాసి.” ప్రేమావతి వైపు తిరిగింది. “నువ్వేటి, ఏడుస్తన్నావా? నీకు అబద్దం చెప్పడం రాదు కదా?”

తల అడ్డంగా ఊపింది ప్రేమావతి.

“పెల్లయ్యాక నా చేపలకూరలో ఉప్పెక్కువైతే అందరి ముందూ చెప్పేస్తావా?”

కన్నీళ్ళలోనే ప్రేమావతికి నవ్వొచ్చింది. “చెప్పేస్తాను... అత్తయ్యా.”

“చెప్పు. ఇన్నేల్లుగా ఎవులూ చెప్పకే ఇలగైపోయింది నా బతుకు. ఈ ఆదివారం వొస్తానని మీ నాన్నకి చెప్పు.”

*

కామమ్మ శాల దగ్గర దేవప్రసాద్ ఎర్రటి మందునీళ్ళ బకెట్టుతో నిలబడి ఉన్నాడు. ఆమె లోపల పెయ్య పాలు చూసి బయటికి రాగానే ముందు గొడుగు తీసి ఇచ్చాడు.

“నీ గొడుగు.”

“ఊఁ.”

“ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోవచ్చా?”

“ఏ మాట?”

“నాకంటే ఆవులే ఎక్కువ అన్నది.”

“తీసుకోనక్కర్లేదు. కామమ్మ పెయ్య పాలు ఇప్పుడే చూశాను. శుభ్రంగా ఉన్నాయి. ఇవాళ్టికి మాత్రం నీకంటే అదే ఎక్కువ.”

అతను చేతులు జోడించాడు. అప్పుడు చూసింది ఆమె. లాల్ దవాలో నాని నాని అతని అరచేతులు, వేళ్ళ కొసలు, గోళ్ళు అన్నీ గోధుమ ఎరుపు పట్టేశాయి.

“ఇదేమిటి, అప్పుడే గోరింటాకు పెట్టేసుకున్నావు?”

అతను తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. “పండిందా?”

“బాగా పండింది” అంది ప్రేమావతి. వాన కూడా అప్పుడే మొదలైంది. గొడుగు ఎప్పట్లా చిన్నదే. ఈసారి మధ్యలో చోటు మిగల్లేదు.

*

వీధి ఆవులన్నిటికీ సరిపడా, పొదుగుకి ఎక్కించే మందు ట్యూబులు తర్వాతి జహాజులో వచ్చాయి. ఆ పెట్టెని కూలీల చేతికివ్వకుండా సూపర్‌వైజరుగారే బాణం పైకి ఉండేలా నెత్తిన పెట్టుకుని దింపారని హాడోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొండి జబ్బే కానీ రాహేలు నాలుగో గిన్నె కూడా ఒకనాటికి తేటపడింది. గవరమ్మ ఆవు మిగిలిన మూడు చన్నులతోనే మళ్ళీ టీకొట్లకి పాలిచ్చింది. లోటా మాత్రం మేరమ్మ ఇంట్లో మందారం మొక్కకి కుండీ అయింది.

పెళ్ళినాడు చర్చి వెనక పందిట్లో విందు. పెళ్ళికూతుర్ని మొదటి బంతిలో కూర్చోమన్నారు. ఆమె చూస్తే మేరమ్మ ఇంకా గరిటె పట్టుకుని తిరుగుతోంది.

“నేను ఆఖరున అత్తయ్యతో తింటాను” అని లేచేసింది ప్రేమావతి.

“అయితే నేనూ ఆఖరునే” అని లేచాడు దేవప్రసాద్.

కృపానందం గారు కూడా కుర్చీ వెనక్కి జరిపారు. ఆయన్ని చూసి గవరమ్మా లేచింది.

మేరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పందిరంతా ఒకసారి కలయజూసింది.

“అందరూ ఆకర్నే తింటామంటే మొదట తినేదెవుర్రా?”

“నేనున్నాను మేరమ్మమ్మా!” పందిరి చివర్నించి గోవిందు గబగబా వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు. అడక్కుండానే రెండు చేతులూ పైకెత్తి, తిప్పి తిప్పి, పెళ్ళికూతురికి చూపించాడు.

“కడుక్కున్నాను దీదీ!”